మా గుట్ట మట్టికి గ్రేడెంత?

నేను చేసిన పనుల్లో ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయింది గడ్డి కాపలా ఒక్కటే. లారీ క్లీనర్‌గా ఉన్నప్పుడు "లారీలో ఉంటా" అనేవాణ్ణి. డ్రైవరయ్యాక అదే మాట ఇంకాస్త ఛాతీ విరుచుకుని అనేవాణ్ణి. గనులు ఆగిపోయి లారీలు నిలబడిపోయాక కొన్నాళ్ళు ఏమీ చేయలేదు. అది చెప్పుకోవడమూ తేలికే, ఊళ్ళో సగం మంది అదే పనిలో ఉన్నారు. కానీ గుట్ట మీద కంచె వేసి, గేటు పక్కన జీపు ఆపుకుని, గొర్రె ఒక్కటి కూడా లోపలికి దూరకుండా చూస్తూ, మిగతా వేళంతా గడ్డి పెరగడం చూస్తూ కూర్చునే పనిని ఏమనాలి? మా ఆవిడే ఒక పేరు పెట్టింది. పక్కింటామె గోడ మీదుగా "మీ ఆయన ఇప్పుడు ఏం చేస్తాండాడక్కా?" అని అడిగితే, ఈమె బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా "గాలికి కాపలా కాస్తాండాడు" అంది.

ఎగతాళికే అన్నా, అది దాదాపు నిజం.

మా ఊరి వెనక గుట్ట ఎక్కితే పైన బల్లపరుపుగా ఉంటుంది. సండూరు వైపు కొండలు చాలావరకు అంతే, చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. కన్నడంలో హుల్లుగావలు అంటారు, మేమూ అదే అంటాం. నా చిన్నప్పుడు అక్కడ కూర్చుంటే గడ్డిలో మనిషి కనిపించేవాడు కాదు. బడి ఎగ్గొట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. తర్వాత చుట్టుపక్కల కొండలన్నీ గనులకు పోయాయి. ఆ కొండల మీద మేసే పశువులన్నీ మా గుట్టకే వచ్చాయి. ఒక గుట్ట పది గుట్టల పశువులను ఎంతకని మేపుతుంది? గడ్డి వేళ్ళతో సహా పోయింది. వాన పడితే పైమట్టి ఎర్రగా కారి వంకలో కలిసేది. చివరికి పైన గులకరాళ్ళు, గిట్టల గుర్తులు మిగిలాయి.

అలాంటి గుట్టను మళ్ళీ గడ్డినేలగా చేస్తామని ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. వాళ్ళ తరఫున మట్టి చూడ్డానికి వచ్చిన మేడంది సిరుగుప్ప వైపు కాలువ కింద వలస రైతుల క్యాంపు. తాతల నాడే కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న కుటుంబం. ప్రతి మాటకీ "అండి" తగిలించేది. మా కుక్క అడ్డమొస్తే దాన్ని కూడా "తప్పుకోండి" అంది. ఊరంతా ఆమెను మట్టి మేడం అనేవాళ్ళం.

ఊరి తరఫున కమిటీ ప్రెసిడెంటు మా బావ, అంటే మా అక్క మొగుడు. గనుల కాలంలో ఆయనకు వరసగా లారీలుండేవి. ఇప్పుడు బళ్ళారి గాంధీనగర్‌లో పెద్ద ఇల్లు, ఇంటి ముందు తుప్పు పట్టిన ఒక లారీ, దాన్ని అమ్మడానికి ఒప్పుకోని మనసు మిగిలాయి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప వేయడు. మట్టి సంగతి మాట్లాడే మీటింగుకూ అవే వేసుకొచ్చాడు.

ఏడో తరగతి సైన్సు పుస్తకం సగంలో ఉండగానే నేను లారీ ఎక్కేశాను. గడ్డి ఏం తిని బతుకుతుందో ఆ రెండో సగంలో ఉండిపోయినట్టుంది. మేడం ఆ రోజు స్కూలు వరండాలో కూర్చుని మిగతా సగం చెప్పింది. గడ్డి గాలిలోని కార్బన్‌ను తీసుకుంటుంది. దాంతో ఆకులూ వేళ్ళూ కట్టుకుంటుంది. వేళ్ళు చచ్చి, పురుగులు తిని, అది మట్టికి అతుక్కుని నల్లగా నిల్వ ఉంటుంది. గడ్డి పోతే కొత్తది చేరదు, ఉన్నది వానకి కొట్టుకుపోతుంది, ఎండకి మళ్ళీ గాలిలో కలిసిపోతుంది. గడ్డిని బతికిస్తే మెల్లగా మళ్ళీ చేరుతుంది.

బావ కళ్ళు మూసుకుని విని, లారీల భాషలోకి మార్చుకున్నాడు.

"అంటే మేడం, గాలిలో ఉండే సరుకును గడ్డి తెచ్చి భూమిలో డంప్ చేస్తాది."

"అలాగే అనుకోండి."

"ట్రాన్స్‌పోర్టు ఎవురిది?"

"వేళ్ళే తీసుకెళ్తాయండి. లారీ అక్కర్లేదు."

బావ నా వైపు చూశాడు. లారీ లేకుండా సరుకు కదలడం ఆయన జీవితంలో వినని మాట. గొంతు సవరించుకుని అసలు ప్రశ్న అడిగాడు. "గ్రేడ్ ఎంత?"

మా దగ్గర ఇనుప రాయికి గ్రేడ్ చూస్తారు. నూటికి ఎంత ఇనుము ఉందో అదే దాని గ్రేడ్, అదే దాని మర్యాద. అరవై దాటితే ఓనరు మీసం మెలేస్తాడు. యాభైకి దిగితే పెళ్ళిళ్ళలో కూడా వెనక వరసలో కూర్చుంటాడు.

"ఈ గుట్ట మట్టిలోనా అండి? ఇప్పుడు ఒక శాతం కూడా ఉండదు."

బావ ముందుకు వంగి, "మెల్లగా చెప్పండి మేడం. బయట పక్కూరోళ్ళు ఉండారు" అన్నాడు. తర్వాత ధైర్యం కూడగట్టుకుని, "సరే, నిల్వ అయినాక లోడింగు ఎప్పుడు?" అన్నాడు.

"ఏం లోడింగండీ?"

"అదే, కార్బను. ఎప్పుడు ఎత్తల్ల?"

"ఎత్తకూడదండి. అక్కడే ఉంచడమే పని."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ అండి."

బావ వెనక్కి వాలి నా చెవిలో, "రేయ్, కనపడని సరుకును, ఒక శాతం కూడా లేనిదాన్ని, ఎప్పటికీ ఎత్తకుండా కాపలా కాయల్లంట. ఇదేం యాపారంరా?" అన్నాడు.

"నీ ఇంటి ముందర లారీ కూడా అట్లే కదా బావా ఉండేది" అన్నాను. ఆయన నా వైపు మళ్ళీ చూడలేదు.

ఆ మీటింగులో ఒక్క మనిషికి మాత్రం ఇది వ్యాపారమూ కాదు, వినోదమూ కాదు. గొర్రెల అజ్జ. అజ్జ అంటే ఇక్కడ తాత. ఆయన మంద ఆ గుట్ట మీదే పుట్టి, మేసి, ముసలిదయ్యేది. కంచె వేస్తారనగానే లేచి నిలబడ్డాడు.

"గడ్డి బాగుపడల్ల, నేను కాదనను. అంతదాకా నా గొర్రెలు యాడికి పోవల్లప్పా?"

మేడం నచ్చజెప్పింది. గుట్టకు కొన్ని వానలు విశ్రాంతి కావాలి. ఆ తర్వాత మట్టి పరీక్ష చేస్తాం. మెరుగైందని తేలితే కింది సగం గొర్రెలకు తెరుద్దాం, వంతులవారీగా, మందగా మేసి జరిగిపోయేట్టు. అలా మేస్తే గడ్డికి నష్టం లేదు. బావ ఊరి పెద్దగా అందరి ముందూ ఒప్పుకున్నాడు. "మట్టి మెరుగైందని తేలిన రోజు నేనే గేటు తెరుస్తా" అన్నాడు. అజ్జ ఆ మాటను నడుము గుడ్డలో కట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళాడు.

పని మొదలైంది. బావ తనకు తెలిసిన జేసీబీ ఒకటి తెప్పిస్తానన్నాడు, ఒక్కరోజులో గుట్టంతా తిరగేసి గింజలు చల్లేస్తే అయిపోతుందని. మేడం రెండు చేతులూ ఎత్తేసింది. "తిరగేస్తే మట్టిలో మిగిలిన కాస్తా గాలికి పోతుందండి. దాన్ని కదపకండి చాలు." పోనీ చెట్లు నాటుదామన్నాడు. అదీ వద్దంది. ఇది ఎప్పుడూ గడ్డినేలే, గుంతలు తీసి దీన్ని అడవి చేయాలని చూడొద్దంది. బావకి దుఃఖం ఆగలేదు. "మొక్క లేకుంటే ఫోటో యాడ దిగల్ల మేడం?" అన్నాడు. చివరికి ఒక గడ్డి దుబ్బు పక్కన గొంతుక్కూర్చుని, దానికి చెంబుతో నీళ్ళు పోస్తున్నట్టు దిగాడు. ఆ ఫోటో చూసినవాళ్ళు ఇంకేదో అనుకున్నారు. దాని గురించి నేను రాయను.

చేసిందల్లా ఇంతే. వాలుకి అడ్డంగా మేస్త్రీ చేత రాళ్ళ కట్టలు వేయించాం. పక్క కొండల నుంచి మా గడ్డి జాతుల గింజలు ఏరి తెచ్చి చల్లాం. కంచె వేసి, గేటు పెట్టి, గేటు దగ్గర నన్ను పెట్టారు.

అజ్జ మందను తోలుకుని కాలువ గట్ల మీదా, హైవే అంచులమ్మటా, ఒక్కోసారి కోసిన పొలాల కోసం సంగనకల్లు దాకా తిరిగేవాడు. ఊరికి వచ్చిన ప్రతిసారీ గుట్ట ఎక్కి కంచె బయట నిలబడేవాడు. జైల్లో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి ములాఖాత్‌కి వచ్చినట్టే.

"ఎట్లుండాది?" అనేవాడు.

"తింటాండాది, నిద్రపోతాండాది" అనేవాణ్ణి.

"బెయిలు ఎప్పుడంట?"

"జడ్జి మేడం వస్తే తెలుస్తాది అజ్జా."

నవ్వేవాడు. కానీ మూడో ఏడు వానల్లో ఒకసారి నవ్వలేదు. ఆయన కొడుకు ఉక్కు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తండ్రి ఈ వయసులో రోడ్ల మీద తిరగడం అతనికి ఇష్టం లేదు. బళ్ళారి బేరగాడితో మాట్లాడేశాడు. దీపావళి లోపల గుట్ట తెరిచారా సరే, లేదంటే మంద మొత్తం అమ్మేయడమే. "వాని తప్పు లేదప్పా" అన్నాడు అజ్జ, కంచె తీగ పట్టుకుని. "నా మోకాళ్ళు చూసి చెప్తాండాడు. కానీ గొర్రెలు లేకుంటే పొద్దున లేచి నేను యాడికి పోవల్ల?"

కంచె సందులోంచి బీడీ ఇచ్చాను.

గుట్ట మాత్రం ఎవరి దీపావళినీ పట్టించుకోకుండా తన పని చేసుకుపోయింది. మొదటి వానలకు గడ్డి పలచగా లేచింది. తర్వాతి ఏడాది దుబ్బులు కట్టింది. ఏ పనీ లేని నాలాంటివాడికి మట్టి తప్ప చూడ్డానికి ఏముంది? వాన వెలిశాక వంకలో నీళ్ళు అంత ఎర్రగా లేవని ముందు గమనించాను. దుబ్బు మొదట్లో వేలు పెడితే దిగేది, కంచె బయట గోరు విరిగేది. దుబ్బు కింద మట్టి రంగు మారింది. నల్లగా అననుగానీ, టీలో డికాక్షన్ ఇంకో చుక్క పడినట్టు. ఇదంతా ఇంట్లో చెబితే మా ఆవిడ, "గాలి కనపడేదాకా వచ్చిందా? డాక్టరు దగ్గరికి పోదాం పా" అంది.

మూడో ఏడు వానలు తగ్గుతుండగా మట్టి తీయడానికి వస్తున్నానని మేడం ఫోన్ చేసింది. అక్కడినుంచి ఊరికి పిచ్చి పట్టింది.

ఆ వారమే కప్పగల్లులో మా ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళి. గేటుకు తాళం వేసి వెళ్ళాం. తిరిగొచ్చి చూస్తే తాళం తాళంలాగే ఉంది, కంచె మాత్రం ఒక మూల వంగి ఉంది. లోపల అక్కడక్కడా ఎర్ర రంగు పూసిన కర్ర మేకులుంటాయి, మేడం మట్టి తీసే గుర్తులని ఊళ్ళో అనుకునేవాళ్ళం. ప్రతి మేకు చుట్టూ చాప పరిచినట్టు గొర్రె పెంటికలు. మరునాడు అజ్జ వచ్చాడు.

"అజ్జా, ఇవేంది?"

కంచెలోంచి చాలాసేపు చూశాడు. "కుందేళ్ళేమో."

"కుందేళ్ళు మంద కట్టి పడుకుంటాయా?"

"ఈ కాలం కుందేళ్ళు ఏమైనా చేస్తాయప్పా" అన్నాడు. నేను కదలకపోయేసరికి కూలబడ్డాడు. "మేడం మట్టి చూడ్డానికి వస్తాందంట కదా. మట్టి బాగుండల్ల అంటే ఎవురైనా ఏం చేస్తారు? ఎరువుకి మంద కట్టిస్తారు. రెడ్లు నన్ను పిలిచి మరీ వాళ్ళ పొలాల్లో మంద పెట్టించుకుంటారు. బియ్యం ఇచ్చి మరీ. పరీక్షకు పోయే బిడ్డకు అన్నం పెట్టకుండా పంపుతామా?"

ఆయన పొరపాటు నాకు అర్థం కావడానికి టైం పట్టింది. గొర్రెలను రానీయకపోతే గుట్ట బాగుపడుతుందని రుజువైతేనే గొర్రెలకు గేటు తెరుస్తారు. ఆ రుజువు కోసం ఆయన గొర్రెలనే లోపలికి తోలాడు. పైగా మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయన చేసింది సరైన పనే అంటారు. ఆయన మంద తోలుకెళ్ళే సంగనకల్లులో రాతికాలపు వాళ్ళు పేడ పోగేసి కాల్చిన బూడిద దిబ్బలు ఇంకా ఉన్నాయి. పేడ మీద మా వైపు వాళ్ళ నమ్మకం అంత పాతది.

ఆ మర్నాడు బావ కారు దిగాడు. డిక్కీలో గోతాలు.

"ఏంది బావా ఇవి?"

"శాంపిల్ రోజుకి" అన్నాడు కన్ను కొట్టి. ఇస్త్రీ బండ్ల దగ్గరా, పెళ్ళి వంటల పొయ్యిల దగ్గరా పోగు చేయించిన బొగ్గుల పొడి. "కార్బనే కదా."

గనుల కాలంలో కొనేవాళ్ళు శాంపిల్ తీయడానికి వచ్చే ముందు రాయి కుప్పను అలంకరించడం ఒక విద్య. మంచి రాయి పొడి పైన, మిగతాది కింద. కొనేవాడికీ అది తెలుసు, అమ్మేవాడికీ వాడికి తెలుసని తెలుసు. కానీ అలంకరించకుండా కుప్ప చూపిస్తే అవమానం, మొహం కడుక్కోకుండా పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు. బావ దృష్టిలో ఇది మోసం కాదు, మర్యాద.

"బావా, ఆమె అడిగేది గడ్డి ఎంత పెట్టిందని. గడ్డి బొగ్గులు పెట్టదు. వద్దు."

"నీకు తెలీదులే. ఏడో తరగతి కూడా పూర్తి చేయలే."

"నువ్వు చేసినావా?"

"నాకి లారీలుండాయి కదరా" అని గోతం భుజానికెత్తుకున్నాడు. ప్రెసిడెంటును ఆపడానికి కాపలావాడికి అధికారం లేదు. గేటు తెరిచి కూర్చున్నాను. తెల్ల చొక్కాతో లోపలికి వెళ్ళిన మనిషి రైలింజను డ్రైవరులా బయటికి వచ్చాడు. మేకుల చుట్టూ పెంటికలున్నాయని ఆయన గమనించలేదు. మీద బొగ్గు పడ్డాక గమనించడానికి అవి కనిపించలేదు కూడా.

మేడం వచ్చిన రోజు అజ్జ తలపాగా మార్చుకుని వచ్చాడు. బావ కొత్త తెల్ల చొక్కాలో ఉన్నాడు. మేడం దగ్గర మట్టిలోకి దింపి తీసే ఇనుప గొట్టం, ఒక జల్లెడ, చిన్న తక్కెడ, సంచులు ఉన్నాయి. ఆమె ఫోన్ చూసుకుంటూ మేకుల్లేని వైపు నడిచింది.

"మేడం, మేడం, ఇట్ల రాండి" అని బావ ఎర్ర మేకు దగ్గర నిలబడి పిలిచాడు. "మంచి సరుకు ఈడుండాది."

"నాకు తీయాల్సిన చోట్లు ఫోన్‌లో ఉన్నాయండి. మొదటిసారి ఎక్కడ తీశానో అక్కడే, కంచె బయట కూడా."

"మరి ఈ మేకులు?"

"అవి మేస్త్రీ గారు రాళ్ళ కట్టల కోసం కొట్టుకున్నవండి."

బావ మొహంలో ఒక లోడు బోల్తా పడింది. అయినా గనుల మనిషి ఒక్క దెబ్బకు పడడు. "ఒక్కటి, నా తృప్తికి ఈడ ఒక్కటి తీయండి మేడం" అని బతిమాలాడు. ఆమె మొహమాటపడి వచ్చి గొట్టం దింపి, తిప్పి, పైకి లాగి, లోపలి మట్టిని తెల్ల ట్రే మీద పడుకోబెట్టింది.

పైన వేలెడు మందాన బొగ్గు. దాని కింద పెంటికలు, చక్కగా అణిగి. దాని కింద మా గుట్ట.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "ముందు గొర్రెలు వచ్చాయండి. ఆ తర్వాత బొగ్గు వచ్చింది" అంది, పోలీసులా కాకుండా, ఊరి చరిత్ర చదువుతున్నట్టు.

బావ అజ్జ వైపు తిరిగాడు. "నేను కంచె వేయించిన గుట్టలో గొర్రెలా!"

అజ్జ వదల్లేదు. "నేను ఎరువేసిన మట్టి మీద బొగ్గా! నువ్వు పెద్దమనిషివి కదప్పా, నీకేం పోయేకాలం?"

"నువ్వు పెంట వేయొచ్చు, నేను బొగ్గు వేయకూడదా?"

"నాది నా గొర్రెలు వేసింది. నీది యా గొర్రె వేసింది?"

మేడం నవ్వు ఆపుకోవడానికి జల్లెడ చాటుకు వెళ్ళింది. తిరిగొచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. పెంటికలు పైన కాసేపు బలం చూపిస్తాయి, చాలావరకు తొందరగానే గాలికి పోతాయి. బొగ్గు ఉండిపోతుంది, కానీ అది గుట్ట సంపాదించింది కాదు, కారు డిక్కీలో వచ్చింది. "మీరు తెచ్చి పెట్టింది కాదండి, గడ్డి తనంతట తాను పెట్టింది ఎంతో నాకు కావాలి."

అజ్జకు పరీక్ష సంగతి అంతా అర్థమైందో లేదోగానీ, భయం అర్థమైంది. "నా వల్ల ఖరాబైందా తల్లీ? ఇంగ గేటు తెరవరా?"

"ఈ చోట్లు లెక్కలోకి రావండి, అంతే. మిగతా గుట్ట ఉంది కదా."

సాయంత్రం దాకా ఆమె కంచె లోపలా బయటా గొట్టం దింపుతూనే ఉంది. పై పొర వేరే సంచిలో, కింది పొర వేరే సంచిలో. రాళ్ళు ఏరి వాటినీ తూచింది. తూచి పారేసిన రాళ్ళను బావ ఒక్కొక్కటీ ఏరి కుప్ప పెట్టాడు. అజ్జ ఆమె వెనకే సంచులు మోస్తూ తిరిగాడు. ప్రతి గొట్టం బయటికి వచ్చినప్పుడు, కాన్పు గది ముందు నిలబడ్డవాడిలా ఆమె మొహం చూసేవాడు.

ఫలితం చెప్పడానికి మేడం దీపావళి దగ్గర పడ్డాక వచ్చింది. అదే వరండా. కంచె బయటితో పోలిస్తే లోపల పై జానెడు మట్టిలో కార్బన్ పెరిగింది. కింది పొరలో ఇంకా తేడా లేదు. అక్కడికి వేళ్ళు దిగి, చచ్చి, నిలవాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. తొందరపడేది కాదు. మళ్ళీ చెడగొడితే మాత్రం పోవడానికి అంత టైం పట్టదు.

"పెరిగింది కదా?" అన్నాడు అజ్జ. ఆయనకు అంతవరకే కావాలి.

"పెరిగిందండి."

"గ్రేడ్?" అన్నాడు బావ.

"ఇంకా ఒకటి దాటలేదండి. పెరిగింది దశాంశం పక్కన."

బావ లేచి నిలబడ్డాడు. "ఇన్ని వానలు కాపలా కాసి, ఒకటి కూడా దాటలేదా? దీన్ని మెరుగైందని నేను ఊరి ముందర ఎట్ల చెప్పల్ల? రాయి వ్యాపారంలో నన్ను ఎరిగినోళ్ళు వింటే నవ్వరా? తెరిచేది లేదు. ఒక ఐదన్నా రానీ, అప్పుడు చూద్దాం."

"ఈ ఎండలకి, ఈ మట్టికి ఐదు ఎప్పటికీ రాదేమో అండి" అంది మేడం.

"అయితే ఎప్పటికీ తెరవను."

అజ్జ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడేళ్ళు రోడ్లమ్మట తిరిగిన మనిషి, ఇనుప రాయి పరువు దగ్గర ఆగిపోయాడు. ఆ తలపాగా చూశాక నాకు బావ బట్టతల కనిపించింది.

"బావా" అన్నాను, "అక్క ఏదో నూనె తెప్పించి నీ నెత్తికి పూస్తాంది కదా, ఎన్నాళ్ళయింది?"

"దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"ఏమైనా వచ్చినాయా?"

బావకు ఆ విషయంలో ఆశ ఎక్కువ. అసంకల్పితంగా తల వంచి ముందు భాగం చూపించాడు. "వచ్చినాయి కదరా, చూడు. ఈడ, ఈడ కూడా."

వరండా అంతా మెడలు చాచి చూసింది. మేడం కూడా చూసింది, ఫోన్ లైటు వేసి మరీ.

"గ్రేడ్ ఎంతుంటాది బావా? ఒకటి దాటిందా?"

ముందు అజ్జ నవ్వాడు. తర్వాత వరండా మొత్తం. "పక్కన ఏమీ రాని చోటుతో పోలిస్తే తేడా ఉందండి" అంది మేడం, చాలా మర్యాదగా. బావ వంచిన తలను అరచేత్తో తడుముకున్నాడు. వచ్చిన ఆ నాలుగు వెంట్రుకలను గాంధీనగర్ అంతా తిరిగి చూపించుకున్న మనిషి. చివరికి తల ఎత్తి, "సరే. మెరుగైంది. కానీ గ్రేడ్ సంగతి ఈ వరండా దాటకూడదు" అన్నాడు.

గేటు తెరిచే రోజు పొద్దున్నే అందరం గుట్ట ఎక్కాం. అజ్జ కొడుకు మోటారు సైకిల్ మీద వచ్చాడు. సాయంత్రానికి బేరగాడి బండి వస్తుందని, మంద లోపల మేస్తే సరే, లేకుంటే ఈ రోజుతో సరి అని తండ్రితో చెప్పి ఉన్నాడు. బావ కొబ్బరికాయ కొట్టి గేటు తెరిచాడు. అజ్జ నోటితో శబ్దం చేసి మందను తోలాడు.

గొర్రెలు కదల్లేదు.

వాటి ముందు మోకాలెత్తు గడ్డి. మూడేళ్ళుగా అవి హైవే పక్కన హోటళ్ళ విస్తళ్ళు, సంత ముగిశాక పారేసిన క్యాబేజీ ఆకులు, అరటి తొక్కలు తిని బతికాయి. మందలో సగం ఆ రోడ్ల మీద పుట్టినవే. ఆ రాత్రి చీకట్లో మేకుల చుట్టూ పడుకున్నాయేగానీ, ఇంత గడ్డిని పగలు ఒకేచోట చూడటం వాటిలో చాలావాటికి కొత్త. పల్లెటూరి భోజనానికి పిలిస్తే మొహమాటపడే పట్నం చుట్టాల్లా నిలబడి చూశాయి. ఒక పొట్టేలు బావ చేతిలోని కొబ్బరి చిప్ప వైపు వచ్చింది.

అజ్జ తోశాడు, తిట్టాడు, బతిమాలాడు. చివరికి తానే లోపలికి వెళ్ళి గడ్డిలో కూర్చుని, ఒక పరక పీకి నోట్లో పెట్టుకుని నమిలాడు, వాటి వైపు చూస్తూ. "చూడండి, తినేదే. చూడండమ్మా." ఆ పరకను చాలాసేపు నమిలాడు.

కొడుకు దగ్గరికెళ్ళాడు. గొంతులో కోపం లేదు. "లే నాన్నా. అవే వద్దంటాండాయి. ఇంగ చాలు."

అజ్జ లేవలేదు. నమలడం ఆపలేదు కూడా.

మంద వెనక నా జీపు ఉంది. నాకు వేరే ఉపాయం తోచి చేశానని చెప్పను. ఏదో ఒక చప్పుడు కావాలని హారన్ మీద చెయ్యి వేశాను. లారీ హారన్ అది, జీపుకి బిగించుకున్నాను. గుట్ట అదిరింది. మంద మొత్తం ఒక్కసారిగా, హైవే మీద లారీ వచ్చినప్పుడు చేసేట్టే, అడ్డం తప్పుకుని ఎదురుగా ఖాళీ ఉన్నవైపు దూకింది. ఆ ఖాళీ గేటు.

లోపలికి వెళ్ళాక కాసేపు భయంగా చుట్టూ చూశాయి. తర్వాత ఒక ముసలి గొర్రె, గుట్ట మీదే పుట్టినది, మూతి దింపింది. పక్కది దాన్ని చూసింది. పరపరమని శబ్దం మొదలైంది.

"గడ్డినేలలో హారన్ ఏంటండీ!" అంది మేడం.

"ఇంగ అవి అలవాటు పడేదాకా నా డ్యూటీ ఇదే మేడం" అన్నాను.

అజ్జ గడ్డిలోంచి కొడుకును పిలిచాడు. "బేరగానికి ఫోన్ చెయ్యి."

"ఏమని చెప్పల్ల?"

"నీకు తెలీదా ఏమని చెప్పల్లనో?"

కొడుకు తండ్రిని చూశాడు, మందను చూశాడు. గుట్ట మీద సిగ్నల్ సరిగా అందదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని రాళ్ళ కట్ట ఎక్కి, ఇంకో కట్ట ఎక్కి, అక్కడినుంచి అరవడం మొదలుపెట్టాడు. అవతలివాడికి వినపడలేదేమో, అదే మాట మళ్ళీ మళ్ళీ అరిచాడు.

"వద్దన్నా, బండి తేవద్దు... లేదు, ఎవురికీ అమ్మలే... మేస్తాండాయి. మేస్తాండాయి అంటాండా!"